తలనొప్పేలే అనుకోవద్దు... నీటికాసులు కావచ్చు!

పెళ్లివారిల్లు. ఇంటావిడకి రెండు రోజులుగా సరైన తిండి లేదు, నిద్ర లేదు. అమ్మాయిని సాగనంపి వచ్చాక, దీపాలు పెట్టే వేళకి ఉన్నట్టుండి కుడివైపు తల పగిలిపోతున్నంత నొప్పి. ఆ వెంటనే రెండు వాంతులు. "పొద్దుట్నుంచి కాఫీలతోనే సరిపెట్టావు కదక్కా, పైత్యం చేసుంటుంది" అంది తోడికోడలు. నిమ్మరసం తాగించారు. నుదుటికి బామ్ రాశారు. నొప్పి మాత్ర ఒకటి వేసి, గదిలో లైటు తీసేసి పడుకోబెట్టారు. కన్ను ఎర్రగా ఉందని ఎవరో అన్నారు గానీ, "అప్పగింతల్లో ఏడ్చింది కదా" అని ఇంకెవరో సర్దిచెప్పారు. తెల్లారేసరికి నొప్పి కాస్త తగ్గింది. కానీ ఆ కంటితో చూస్తే ఎదుటి మనిషి మొహం మంచులోంచి చూసినట్టుంది. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి మూడో రోజయింది. అప్పటికే పోయిన చూపు ఇక తిరిగి రాదన్నారు.

ఇది ఏ ఒక్కరి కథో కాదు. కాస్త అటూ ఇటూగా చాలా ఇళ్లలో ఇలాగే జరుగుతుంది. ఆ జబ్బు పేరు గ్లాకోమా. మన వైపు నీటికాసులు అంటారు. శుక్లం వస్తే ఆపరేషన్‌తో చూపు మళ్లీ వస్తుంది. నీటికాసుల వల్ల పోయిన చూపు మాత్రం ఏ మందుతోనూ, ఏ ఆపరేషన్‌తోనూ రాదు. మిగిలిన చూపును కాపాడుకోవడమే మన చేతిలో ఉన్నది. అందుకే దీన్ని ముందుగా గుర్తుపట్టడం అంత ముఖ్యం.

కంట్లో కుళాయి, తూము

నీటికాసులంటే కంట్లోంచి నీరు కారడం కాదు. మన కంటి లోపల ఒక పల్చటి ద్రవం నిరంతరం ఊరుతుంటుంది. ఇది కన్నీరు కాదు, వేరే. రోజంతా ఊరినదంతా కలిపినా చిన్న చెంచాడు లోపే. ఈ ద్రవమే కంటిగుడ్డు బిగువుగా ఉండేట్టు చూస్తుంది, కంటి ముందుభాగానికి పోషణ ఇస్తుంది. ఆ పని అయిపోయాక నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొరకీ, లోపలి రంగుపొరకీ మధ్య ఉన్న మూలలోంచి, సన్నని జల్లెడ గుండా బయటికి పోతుంది.

వంటింట్లో సింకును తలుచుకోండి. కుళాయి సన్నగా కారుతూనే ఉంటుంది, కింద తూములోంచి నీరు పోతూనే ఉంటుంది. తూము సరిగ్గా ఉన్నంతసేపూ ఏ గొడవా లేదు. తూముకి అడ్డం పడితే నీటి మట్టం పెరుగుతుంది. కంట్లో అయితే పొర్లిపోయే దారి లేదు కాబట్టి ఒత్తిడి పెరుగుతుంది. దాన్నే డాక్టర్లు కంటి ప్రెషర్ అంటారు. మామూలుగా ఇది 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఒంట్లో బీపీకీ దీనికీ సంబంధం కలపకండి. బీపీ మామూలుగా ఉన్నవారికీ కంటి ప్రెషర్ ఎక్కువగా ఉండొచ్చు.

పెరిగిన ఒత్తిడి కంటి వెనకనున్న నరాన్ని నొక్కుతుంది. చూసినదాన్ని మెదడుకి మోసుకెళ్లే ఈ నరంలో సుమారు 10 లక్షల పోగులుంటాయి. అవి కొద్దికొద్దిగా చచ్చిపోతుంటాయి. చచ్చిన పోగు మళ్లీ పుట్టదు. ఆ తూము ఎలా మూసుకుంది అన్నదాన్ని బట్టే నీటికాసుల్లో రకాలు.

అరిచి చెప్పే రకం

పెళ్లింటి ఆవిడకి వచ్చింది ఇదే. తూము మీద ఏ పళ్లెమో బోర్లా పడితే నీరు ఒక్కసారిగా ఆగిపోతుంది కదా, అలా రంగుపొర ముందుకొచ్చి మూలను మూసేస్తుంది. దీన్ని యాంగిల్ క్లోజర్ గ్లాకోమా అంటారు. ఒక్కసారిగా మూసుకుపోతే కొన్ని గంటల్లోనే ప్రెషర్ మామూలుకన్నా రెండు మూడింతలవుతుంది.

ఈ రకం మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలోనే ఎక్కువ. ఆసియా దేశాల్లో మరీ ఎక్కువ. కంటిగుడ్డు పొట్టిగా ఉండి, ముందుభాగం ఇరుకుగా ఉన్నవారికి ఇది వచ్చే అవకాశం ఉంటుంది. ఆడవాళ్లలో ఈ కట్టుబడి ఎక్కువగా కనిపిస్తుంది. దూరపు చూపుకి ప్లస్ పవర్ కళ్లజోడు వాడేవారు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. 40 దాటాక కంట్లోని కటకం మందమవుతూ వస్తుంది, దాంతో ఉన్న కాస్త జాగా కూడా తగ్గిపోతుంది.

చీకట్లో కనుపాప పెద్దదవుతుంది. అప్పుడే మూల మరింత ఇరుకవుతుంది. అందుకే కొందరికి సినిమాహాల్లోనో, కరెంటు పోయిన సాయంత్రమో, పెద్ద ఆందోళనలో ఉన్నప్పుడో ఈ నొప్పి మొదలవుతుంది. జలుబుకీ, కడుపు నొప్పికీ, దిగులుకీ వాడే కొన్ని మందులు కూడా కనుపాపను పెద్దవి చేస్తాయి. మీకు మూల ఇరుకని కంటి డాక్టరు ఎప్పుడైనా చెప్పి ఉంటే, ఏ మందు రాయించుకునేటప్పుడైనా ఆ మాట చెప్పడం మరవకండి.

మరి మామూలు తలనొప్పికీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది? ఒకవైపు తల, ఆ వైపు కన్ను కలిసి నొప్పెడుతుంటే ఒక చిన్న పని చేయండి. ఒక కన్ను మూసి రెండో కంటితో గోడ మీది క్యాలెండర్ చూడండి. తర్వాత కన్ను మార్చి చూడండి. నొప్పి ఉన్న వైపు అంకెలు మసగ్గా ఉన్నా, ఆ కన్ను ఎర్రబడినా, వెలిగే బల్బు చుట్టూ ఇంద్రధనుస్సులా రంగుల వలయాలు కనిపించినా అది పైత్యం కాదు. పార్శ్వపు నొప్పి అని సరిపెట్టుకోవడానికీ వీల్లేదు. అర్ధరాత్రయినా సరే కంటి ఆస్పత్రికి వెళ్లాలి. తెల్లారనిద్దాం, ఫంక్షన్ కానిద్దాం అనుకుంటే ఆ కాసేపట్లోనే నరం దెబ్బతింటుంది.

కొందరికి ముందుగానే చిన్న చిన్న హెచ్చరికలు వస్తాయి. సాయంత్రాలు కన్ను బరువెక్కడం, దీపాల చుట్టూ వలయాలు, నిద్రపోయి లేస్తే తగ్గిపోవడం. తగ్గిందిలే అని వదిలేయకూడని దశ ఇదే. ఇంకో సంగతి: ఈ రకంలోనూ అందరికీ నొప్పి రాదు. చాలామందిలో మూల నెమ్మదిగా, చప్పుడు లేకుండా మూసుకుంటూ పోతుంది.

చప్పుడు చేయని రకం

మన దేశంలో ఎక్కువగా కనిపించేది రెండో రకం, ఓపెన్ యాంగిల్ గ్లాకోమా. ఇందులో మూల తెరిచే ఉంటుంది గానీ, తూముకున్న జల్లెడ ఏళ్ల తరబడి పూడుకుపోతూ వస్తుంది. నొప్పి ఉండదు. ఎరుపు ఉండదు. పత్రిక చదవగలరు, సూదిలో దారం ఎక్కించగలరు. ఎందుకంటే ముందు పోయేది పక్క చూపు. నడిమి చూపు చివరిదాకా ఉంటుంది. ఒక కంటికి కనిపించనిది రెండో కన్ను పూడ్చేస్తుంది. అందుకే మనకి తెలియదు.

గమనించేవారికి మాత్రం కొన్ని ఆనవాళ్లు కనిపిస్తాయి. పక్క నుంచి వచ్చిన మనిషి ఉన్నట్టుండి ఎదురైనట్టు ఉలిక్కిపడటం, గుమ్మానికి భుజం తగలడం, మెట్లు దిగేటప్పుడు తడబడటం, పక్కనే ఉన్న గ్లాసు చేయి తగిలి పడిపోవడం. "పెద్దదాన్నయ్యాను, పరధ్యానం" అని మన అమ్మలే సర్దిచెప్పుకుంటారు. అయితే ఈ ఆనవాళ్లు కనిపించేసరికే చాలా చూపు పోయి ఉంటుంది.

హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి 1996 నుంచి 2000 వరకు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద సర్వే చేసింది. హైదరాబాద్ నగరంలోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ 10 వేల మందికి పైగా కళ్లు పరీక్షించారు. నగరంలో ఈ రెండో రకం ఉన్నట్టు తేలినవారిలో నూటికి 90 మందికి పైగా తమకి జబ్బు ఉందన్న సంగతే అప్పటిదాకా తెలియదు. సగానికి పైగా మందికి పరీక్ష చేసిన రోజున ప్రెషర్ మామూలుగానే ఉంది! అంటే ప్రెషర్ ఒక్కటే చూసి "ఏం ఫరవాలేదు" అనుకోవడానికి లేదు. నరాన్ని కూడా చూడాల్సిందే. దేశం మొత్తం మీద 40 దాటినవారిలో 1.12 కోట్ల మందికి గ్లాకోమా ఉంటుందని 2010లో నిపుణులు అంచనా వేశారు.

అమ్మకో, నాన్నకో, తోబుట్టువులకో ఈ జబ్బు ఉంటే మనకి వచ్చే ప్రమాదం మామూలు వారికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పుట్టింటి వాళ్లకి చక్కెర జబ్బుందా, గుండె జబ్బుందా అని గుర్తుపెట్టుకుంటాం గానీ, "అమ్మమ్మకి చివర్లో కళ్లు కనిపించేవి కావు" అన్నమాట వెనక ఏముందో అడగం. ఈసారి అడగండి. అది శుక్లమా, నీటికాసులా?

మన పొరపాట్ల వల్ల వచ్చేవి

కొన్ని రకాల నీటికాసులు వేరే కారణం వల్ల వస్తాయి. వాటిలో చాలావరకు ఆపగలిగినవే.

మొదటిది స్టెరాయిడ్ చుక్కల వల్ల వచ్చేది. ఎండాకాలం రాగానే పిల్లలు కళ్లు నలుపుకుంటూ ఉంటారు. ఒకసారి డాక్టరు రాసిన చుక్కలు మంత్రం వేసినట్టు పనిచేస్తాయి. ఇక అక్కణ్నుంచి ప్రతి ఏడూ ఆ ఖాళీ సీసా పట్టుకెళ్లి మందుల షాపులో అదే అడిగి తెచ్చుకుంటాం. అందులో డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటే, నెలల తరబడి వేస్తే కొందరు పిల్లల్లో కంటి ప్రెషర్ పెరిగి నరం దెబ్బతింటుంది. బడికెళ్లే వయసులో చూపు పోగొట్టుకున్న పిల్లలున్నారు. తెల్లబడటానికి మొహానికి రాసే క్రీముల్లో కూడా స్టెరాయిడ్లు కలిసి ఉండొచ్చు. కంటి రెప్పల దాకా రాస్తే అవీ చేటే.

రెండోది శుక్లం ముదరబెట్టడం. "బాగా పండనీ, అప్పుడు తీయించుకుందాం" అనే మాట ఇప్పటికీ ఇళ్లలో వినిపిస్తుంది. ఇప్పటి ఆపరేషన్‌కి శుక్లం ముదరాల్సిన పనే లేదు. మరీ ముదిరితే అది ఉబ్బి మూలను మూసేస్తుంది, లేదా లోపలే కరిగి తూమును పూడ్చేస్తుంది. అప్పుడొచ్చే నొప్పి భరించలేనిది.

ఇవి కాక చక్కెర జబ్బు అదుపు తప్పితే కంట్లో కొత్త రక్తనాళాలు మొలిచి తూమును మూసేస్తాయి. కంటికి బంతో, కర్రో తగిలిన దెబ్బ వల్ల కొన్నేళ్ల తర్వాత కూడా నీటికాసులు రావచ్చు.

"ఎంత పెద్ద కళ్లో!"

పుట్టిన పిల్లల్లోనూ నీటికాసులుంటాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,300 మంది పిల్లల్లో ఒకరికి ఇది పుట్టుకతోనే ఉంటున్నట్టు లెక్క తేలింది. మేనరికాలు, దగ్గరి సంబంధాలు ఎక్కువగా ఉన్నచోట ఇది ఎక్కువ. పసివాళ్ల కంటిగుడ్డు మెత్తగా ఉంటుంది కనుక ఒత్తిడికి సాగి పెద్దదవుతుంది. చూడవచ్చినవాళ్లు "కళ్లు ఎంత పెద్దవో" అని మురిసిపోతారు. దిష్టి తీస్తారు. అదే సమయంలో పిల్లకి వెలుతురు చూస్తే కళ్లు గట్టిగా మూసుకోవడం, ఎప్పుడూ నీరు కారడం, నల్లగుడ్డు మీద పొగమంచులా తెలుపు లేదా నీలి ఛాయ కనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు. దీనికి అసలు వైద్యం ఆపరేషనే. ఎంత తొందరగా చేస్తే అంత చూపు దక్కుతుంది. ఒక బిడ్డకి ఉంటే తర్వాత పుట్టిన బిడ్డని కూడా వెంటనే చూపించాలి.

ఏ పరీక్షలు అడగాలి?

కళ్లజోడు షాపులో పవర్ చూపించుకుంటే సరిపోదు. అక్షరాలు చదివించే పరీక్షలో నీటికాసులు పట్టుబడవు. 40 నిండగానే కంటి డాక్టరు దగ్గర ఒకసారి పూర్తి పరీక్ష చేయించుకోండి. ఆపైన రెండేళ్లకోసారి, ఇంట్లో ఎవరికైనా ఉంటే ఏడాదికోసారి.

మొహమాటపడకుండా అడగవలసినవి నాలుగు. ప్రెషర్ కొలవడం. చిన్న అద్దంలాంటి లెన్స్ పెట్టి మూల తెరిచి ఉందో లేదో చూడటం. చుక్కలు వేసి కనుపాపను పెద్దది చేసి నరాన్ని చూడటం. అనుమానం ఉంటే పక్క చూపు ఎంత ఉందో తేల్చే ఫీల్డ్ పరీక్ష. వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి, అంతే. ఓ.సి.టి. అనే స్కాన్‌తో నరం పోగుల మందం కూడా కొలుస్తారు. ఏదీ నొప్పి పుట్టించేది కాదు. చుక్కలు వేస్తే కాసేపు మసగ్గా ఉంటుంది కాబట్టి తోడు ఎవరినైనా తీసుకెళ్లండి.

చికిత్స ఏమిటి?

ఏ రకమైనా చికిత్స ఉద్దేశం ఒక్కటే: ప్రెషర్ తగ్గించి, ఉన్న నరాన్ని నిలబెట్టడం.

హఠాత్తుగా మూసుకుపోయిన రకంలో ముందు చుక్కలు, మాత్రలు, అవసరమైతే ఇంజక్షన్‌తో ప్రెషర్ దించుతారు. ఆ తర్వాత లేజర్‌తో రంగుపొరకి సూది మొనంత రంధ్రం పెడతారు. ద్రవానికి ఇంకో దారి దొరుకుతుంది. కొన్ని నిమిషాల పని, అదే రోజు ఇంటికి వచ్చేయొచ్చు. రెండో కంటికి కూడా ఇదే ముప్పు ఉంటుంది కాబట్టి దానికీ ముందుజాగ్రత్తగా లేజర్ చేస్తారు. "బాగున్న కంటికెందుకు?" అని వద్దనకండి. కొందరికి లోపలి కటకం తీసి కొత్తది అమర్చితేనే మూల విశాలమవుతుంది.

తెరిచి ఉన్న రకంలో సాధారణంగా చుక్కలతో మొదలుపెడతారు. లాటనోప్రోస్ట్ లాంటివి రోజుకొక్కసారి, ఎక్కువగా రాత్రిపూట వేసుకోవాలి. వీటితో కన్ను కాస్త ఎర్రబడటం, రెప్పవెంట్రుకలు పెరగడం, చుట్టూ చర్మం నల్లబడటం ఉండొచ్చు. టిమోలాల్ చుక్కలు ఉబ్బసం ఉన్నవారికి పనికిరావు, గుండె నెమ్మదిగా కొట్టుకునేవారికీ అంతే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి తప్పక చెప్పాలి, కొన్ని చుక్కలు బిడ్డకి మంచివి కావు. చుక్కలకి బదులు మొదటే లేజర్ చేసినా బాగా పనిచేస్తుందని 2019లో బ్రిటన్‌లో ముగిసిన పరిశీలనలో తేలింది. లేజర్‌తో మొదలుపెట్టినవారిలో మూడేళ్ల తర్వాత కూడా నాలుగింట మూడొంతుల మందికి చుక్కల అవసరం రాలేదు.

వీటికి లొంగకపోతే ద్రవం బయటికి పోవడానికి కొత్త దారి చేసే ఆపరేషన్ ఉంది. ట్రాబెక్యులెక్టమీ అంటారు. మరీ మొండి కేసుల్లో సన్నని గొట్టం అమరుస్తారు. ఏది చేసినా జబ్బు "నయమైపోయింది" అనుకోకూడదు. బీపీ, షుగర్‌లాగే జీవితాంతం చూపించుకుంటూ ఉండాలి.

చుక్కలు వేసుకునే పద్ధతి

• చేతులు కడుక్కోండి. కింది రెప్పను కాస్త లాగి, ఏర్పడిన గుంటలో ఒక్క చుక్క చాలు. సీసా మొన కంటికి తగలకూడదు.
• కన్ను మూసి, ముక్కు పక్కన కంటి కొసని వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచండి. మందు గొంతులోకి దిగకుండా కంట్లోనే ఉంటుంది.
• రెండు రకాలుంటే మధ్యలో కనీసం అయిదు నిమిషాలు ఆగండి.
• మూత తీసిన తేదీ సీసా మీద రాయండి. సాధారణంగా నెల దాటాక వాడకూడదు.
• ఊరెళ్తే సీసా బట్టల పెట్టెలో కాదు, చేతి సంచిలో పెట్టుకోండి.

మీ సందేహాలు

చుక్కలు వేసినా చూపులో తేడా తెలియడం లేదు, మానేయొచ్చా?
అందరూ చేసే పొరపాటు ఇదే. చుక్కలు చూపును పెంచవు, ఉన్నదాన్ని ఆపుతాయి. తేడా తెలియకపోవడమే మందు పనిచేస్తోందనడానికి గుర్తు కావచ్చు. మానేస్తే చూపు పోతున్న సంగతి కూడా తెలియదు.

పొద్దున్నే లీటరు నీళ్లు తాగే అలవాటుంది, ఫరవాలేదా?
ఒక్క గుక్కలో అంత తాగితే కాసేపు కంటి ప్రెషర్ పెరుగుతుంది. కొద్దికొద్దిగా తాగండి. శీర్షాసనం వేసినప్పుడు ప్రెషర్ బాగా పెరుగుతుంది, గ్లాకోమా ఉన్నవారు అది మానాలి. నడక మంచిదే.

ఆకుపసర్లు, తేనె వేస్తే తగ్గుతుందా?
తగ్గదు. పైగా పుండు పడే ప్రమాదం ఉంది. అంతకన్నా పెద్ద నష్టం, వాటి మీద నమ్మకంతో పోగొట్టుకునే కాలం.

రెండో చీటీ మీ పేర

మామగారి శుక్లం ఆపరేషన్‌కి వెంట వెళ్లేది మనమే. అత్తగారికి వేళకి చుక్కలు వేసేది, పిల్లల కళ్లజోళ్లు మార్పించేది మనమే. అదే ఆస్పత్రి బెంచీ మీద గంటల తరబడి కూర్చుని, మన కళ్లు చూపించుకోకుండానే తిరిగొస్తాం. "నాకేం, బాగానే కనిపిస్తోంది" అంటాం. నీటికాసులు ఉన్నవాళ్లలో చాలామంది చివరిదాకా అన్నమాట కూడా అదే.

ఈసారి ఇంట్లో ఎవరినైనా కంటి ఆస్పత్రికి తీసుకెళ్లినప్పుడు కౌంటరు దగ్గర రెండో చీటీ మీ పేర రాయించండి. డాక్టరుగారితో ఒక్క మాట అనండి: "నా ప్రెషరూ, నరమూ కూడా చూడండి."